జిప్సీకి కీళ్ల నొప్పులు

"మెల్లగ పోనియ్యి బిడ్డా... నా నడుము ఇరుగుతది!"

నస్రుల్లాబాద్‌లోని ఆ ఇంట్లో జిప్సీ బయటికి తీశారంటే ముందు వినిపించే మాట ఇదే. అనేది నానమ్మ. వినేది డిగ్రీ చదువుతున్న మనవడు. బండి 1998 నాటి జిప్సీ కింగ్. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ పాత నిజామాబాద్ జిల్లా గుర్తు ఏపీ 25 అనే ఉంటుంది. తాత ముచ్చటపడి కొన్న బండి. ఆయన పోయాక అమ్మేద్దామంటే నానమ్మ ఒప్పుకోలేదు. ఎక్కుదామంటే ఆమె నడుము ఒప్పుకోవడం లేదు! నెలకోసారి నిజామాబాద్ వెళ్లి డాక్టరుకు చూపించుకోవాలి. పోయిన నెల ఇంటి ముందు బండి పెట్టుకుని ఆమె ఆర్టీసీ బస్సులో వెళ్లొచ్చింది. మనవడికి ఆ సంగతి ఎక్కడో తగిలింది.

"సస్పెన్షన్ మార్పిస్త నానమ్మా" అన్నాడు.

నిజం చెప్పాలంటే అతని మనసులో ఉన్నది వేరు. బండిని రెండంగుళాలు పైకి లేపే కిట్టు, దాని కింద లావుపాటి టైర్లు. ఫోన్‌లో ఫొటోలు చూసీ చూసీ పెంచుకున్న కోరిక అది. నానమ్మ నడుము మంచి సాకుగా దొరికింది!

ఇంతకీ జిప్సీ అంతలా ఎందుకు ఎగురుతుంది? మారుతి ఈ బండిని 1985 చివర్లో తెచ్చింది. 1996లో 1300 సీసీ ఇంజను పెట్టి జిప్సీ కింగ్ అంది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేసింది. ఇన్నేళ్లలో ఇంజను మారింది, గేర్లు మారాయి. కింద ఉన్న కమాన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. నాలుగు చక్రాలకూ కమాను కట్టలే. వెనకటి జట్కాబండికి ఉండేవి, ఇప్పటికీ లారీలకు ఉండేవి అవే. ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు పట్టీలు. గుంటలో పడ్డప్పుడు ఈ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారుతూ సాగుతాయి, మళ్లీ వంపు తిరుగుతాయి. బండికి మెత్తదనం ఇచ్చేది ఆ జారడమే.

దానికి తోడు ఇది బరువు మోయడానికి పుట్టిన బండి. సైన్యంలో, పోలీసు శాఖలో ఏళ్ల తరబడి తిరిగింది. వెనక ఎదురెదురు బల్లల మీద మనుషులు, సామాను ఎక్కితే దాని నడక వేరు. ఖాళీగా పోతే ఎగరక మానదు. ఖాళీ ట్రాక్టరు ట్రాలీ వెనక కూర్చున్నవాళ్లకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు.

కిట్టు సంగతి మాట్లాడదామని మనవడు బండి తీసుకుని బాన్సువాడలో ఓ పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఉస్తాద్ కిట్టు ఊసే ఎత్తలేదు. వెనక బంపరు మీద కాలు పెట్టి బలంగా ఊపాడు. బండి కదల్లేదు.

"తమ్మీ, కొత్త కమాన్ల ముచ్చట తర్వాత. ఉన్నయి పనిచేస్తున్నయా?"

"చేస్తలేవా ఉస్తాద్?"

"ఏడ చేస్తున్నయ్? పట్టీలన్నీ ఒక్కటే ఇనుప దుంగ అయినయ్. నువ్వు చక్రాల మీద పోతలేవు, దుంగ మీద పోతున్నవ్."

బండి కిందికి దూరి చూస్తే విషయం తెలిసింది. బాన్సువాడ చుట్టుపక్కలంతా నిజాంసాగర్ నీళ్లు పారే వరి పొలాలు. దమ్ము చేసిన ట్రాక్టర్లు మడుల్లోంచి రోడ్డెక్కితే ఆ బురదంతా తారు మీదే. అది వెనక వచ్చే బండ్ల కమాన్లలోకి చేరి, ఎండి, తడిసి, మళ్లీ ఎండుతుంది. పట్టీల మధ్య తుప్పు పడుతుంది. జారాల్సిన పట్టీలు అతుక్కుపోతాయి. కమాను చివర వేలాడే షాకిల్ అటూ ఇటూ ఊగాలి. ఇక్కడ అదీ బిగుసుకుపోయింది. రబ్బరు బుష్‌లు చిట్లి రాయిలా అయ్యాయి. షాకప్‌లలో నూనె ఎప్పుడో కారిపోయింది. ఇవి చాలవన్నట్టు టైర్లలో గాలి కంపెనీ చెప్పిన దానికన్నా బాగా ఎక్కువ. మైలేజీ వస్తుందని ఎవరో చెప్పారట!

పాపం, మనవడు కూడా ఊరుకోలేదు. నెల కిందట వాడేసిన ఇంజను ఆయిలు తెచ్చి కమాన్ల మీద పోశాడు. మన దగ్గర చాలామంది చేసే పనే. నాలుగు రోజులు కిర్రు శబ్దం ఆగుతుంది. కానీ ఆ ఆయిలు రబ్బరు బుష్‌లను తినేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది.

"పోనీ కొత్త జిమ్నీకి ఉన్నట్టు కాయిల్ స్ప్రింగులు ఎక్కిద్దామా?" అని అడిగాడు మనవడు. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన జిమ్నీకి ఉన్నవి కాయిల్ స్ప్రింగులే. ప్రశ్న తెలివైనదే కానీ చిక్కు వేరే చోట ఉంది. కమాను చేసేది ఒక్క పని కాదు. కుదుపు మింగడంతో పాటు ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేదీ అదే. కాయిల్ స్ప్రింగుకు ఆ రెండో పని చేతకాదు. దాన్ని పెడితే ఇరుసును పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి, వాటి కోసం ఛాసిస్‌కు వెల్డింగు చేయాలి. ఇంటి బండికి అంత శస్త్రచికిత్స ఎందుకు?

మరి ఎత్తు లేపే కిట్టు? ఇక్కడ కాస్త ఆగాలి. అమెరికాలో ఈ బండి అన్నదమ్ముడిని సమురాయ్ పేరుతో అమ్మారు. అది మలుపుల్లో ఒరిగిపోతోందని 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక రాసింది. సుజుకీ 1996లో దావా వేసింది. 2004లో రాజీ కుదిరింది. ఎవరిది ఒప్పన్నది అలా ఉంచితే, సన్నగా, ఎత్తుగా ఉన్న బండిని మలుపులో జాగ్రత్తగా తిప్పాలన్న మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. మన జిప్సీ దానికన్నా పొడవు. 1993లో చక్రాల మధ్య వెడల్పునూ పెంచారు. అలా వచ్చిన నిలకడను మళ్లీ ఎత్తు పెంచి పోగొట్టుకోవడం ఎందుకన్నది ఉస్తాద్ మాట. పొడుగు షాకిల్ వేసి ముందు భాగం లేపితే ఇరుసు కోణం మారుతుంది, స్టీరింగు నేరుగా నిలవదు. బ్రేకు గొట్టాలు చాలక బిగుసుకుంటాయి. ప్రొపెల్లర్ షాఫ్టు వంకరపడి వణుకు మొదలవుతుంది. కొండదారుల్లో పోటీలకు వెళ్లేవాళ్లు ఇవన్నీ లెక్క చూసుకునే మార్పులు చేస్తారు. వాళ్ల వెనక సీట్లో నానమ్మ ఉండదు.

చట్టం ఉండనే ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. అప్పుడు ఇన్‌స్పెక్టరు బండిని చూస్తాడు. తాత గుర్తుగా ఉంచుకున్న బండి కాగితాలు అక్కడ ఆగిపోతే?

చివరికి చేసిందేమిటంటే, నాలుగు కట్టలూ విప్పారు. పట్టీలు విడదీసి, తుప్పు గీకి, రంగు వేశారు. వెనక కట్టల్లో ఒక్కో పట్టీ పగిలి ఉంది. ఒక పక్క మార్చి ఇంకో పక్క వదిలేస్తే బండి ఒరుగుతుంది కాబట్టి రెండు పక్కలా మార్చారు. ఒక పట్టీ తీసేస్తే మెత్తగా ఉంటుందని మనవడు అంటే ఉస్తాద్ వద్దన్నాడు. పండక్కి ఇంటిల్లిపాదీ ఎక్కితే ఏం చేస్తావని అడిగాడు. బుష్‌లన్నీ కొత్తవి. షాకప్‌లు కంపెనీ కొలతవే, నాలుగూ కొత్తవి. బుష్ బోల్టులు మాత్రం బండిని జాకీ మీంచి దించి, చక్రాల మీద నిలబెట్టాకే చివరి బిగింపు బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. తొందరపడే చోట్ల తప్పిపోయే పని ఇదే. టైర్లలో గాలి తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం పట్టించారు. మొత్తం ఖర్చులో అన్నిటికన్నా చవక పని, అన్నిటికన్నా ముందు తేడా తెలిసిన పని కూడా అదే.

ఇంతా చేసి జిప్సీ కారైపోయిందా? కాలేదు. స్పీడ్‌బ్రేకరు దగ్గర ఇప్పటికీ తన ఉనికి చాటుకుంటుంది. కానీ ముందు బంపరు మీద చెయ్యి ఆనించి నొక్కితే కిందికి దిగి, ఒక్కసారి పైకి లేచి ఆగుతోంది.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. కొత్త పట్టీలు కుదురుకున్నాక అవి వదులవుతాయి. ఆ పని మీద మనవడు మళ్లీ బాన్సువాడ వెళ్లాడు. ఈలోగా నిజామాబాద్ డాక్టరు దగ్గరికి ఓసారి వెళ్లొచ్చారు.

"నానమ్మ ఏమన్నది?" బండి కింది నుంచే అడిగాడు ఉస్తాద్.

"నడుముకు దిండు పెట్టుమన్నది ఉస్తాద్. బస్సు మాటయితే ఎత్తలే."