ఆటస్థలము లేని చదువు

బాలుని దేహము స్థూలమైనచో లోకము వాని నాలుకను నిందించును. ఆ నిందను మేమంగీకరింపము. వేకువనే పుస్తకము పట్టి రాత్రి పదింటికి విడుచు ఇంటర్మీడియటు విద్యార్థి ఎప్పుడు పరుగిడవలయును? 5 మొదలు 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల వ్యాయామము వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. బడికి ఆటస్థలము విధించిన 2009 నాటి విద్యాహక్కు చట్టమో, 14వ ఏటితో ఆగిపోవుచున్నది. అటుపై పెక్కండ్రు ఆటస్థలమెఱుగని మేడగదుల పాలగుచున్నారు. విసుగు తీర్చుకొనుటకు వారి చేతికందునది 300 మిల్లీలీటర్లకు సుమారు 30 గ్రాముల చక్కెర గల శీతలపానీయము. కదలనీయక కూర్చుండబెట్టి, కొవ్వెక్కెనని దండించుట యెక్కడి న్యాయము? తల్లిదండ్రులారా! ర్యాంకులెన్ని యని యడుగుటకు ముందు ఆటస్థలమేదని యడుగుడు. చూపలేని విద్యాలయమునకు మీ బిడ్డను, మీ ధనమును అప్పగింపకుడు.