పథ్యం పాటించేవారికి పదార్థం తెలియవద్దా?

పత్తి ఆహారపంట కాదు కదా, జన్యుమార్పిడి ఆహారంపై జరిగే వాదోపవాదాలతో మానవపాడు వారికి పనేమిటని కొందరి ప్రశ్న. గద్వాల నడిగడ్డలో సీడు పత్తి సాగును చూసినవారు అలా అడుగరు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసివేయడం, మరునాటి ఉదయం మగపూవు పుప్పొడి అద్దడం. దీనినే ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఇలా తయారైన బి.టి. విత్తనం ఇతర ప్రాంతాల చేలలో మొలుస్తున్నది. ఆ చేల దూది బట్టల మిల్లుకు, గింజ నూనె మిల్లుకు పోతున్నవి. నూనె మనుషుల ఆహారంలోకి, చెక్క పాడిపశువుల తొట్టిలోకి చేరుతున్నవి.

2002లో బి.టి. పత్తికి అనుమతి లభించినప్పుడు అది రైతుకు, పురుగుకు మధ్య వ్యవహారంగానే చాలామందికి తోచింది. వంకాయ వంతు వచ్చేసరికి దేశం ఉలిక్కిపడింది. 2009 అక్టోబరులో నిపుణుల సంఘం సమ్మతించినా, నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా పలు నగరాలలో ప్రజాభిప్రాయం విని, 2010 ఫిబ్రవరి 9న బి.టి. వంకాయను నిలిపివేశారు. గుత్తివంకాయ కంచంలో కంటికి కనబడుతుంది, నూనె కనబడదు!

ఈ నూనె విషమని మేము చెప్పడం లేదు. మట్టిలోని సూక్ష్మజీవి నుండి తెచ్చిన జన్యువు వలన మొక్కలో ఒక మాంసకృత్తి పుట్టి పురుగును చంపుతుంది. శుద్ధిచేసిన నూనెలో మాంసకృత్తులు దాదాపు మిగలవు. భయపెట్టడం వైద్యధర్మం కాదు. అయితే హాని లేదు గనుక చెప్పనక్కరలేదనడం మాత్రం ఏ ధర్మం?

చరకసంహిత విమానస్థానంలో ఆహారవిధికి ఎనిమిది అంశాలు చెప్పబడినవి. మొదటిది ప్రకృతి, అనగా పదార్థం యొక్క సహజగుణం. రెండవది కరణం, అనగా సంస్కారం వలన కలిగే మార్పు. చివరిది ఉపయోక్త, అనగా తినేవాడు. (జన్యుమార్పిడి వీటిలో దేని కిందికి వస్తుందో పండితులే తేల్చాలి.) మొదటి రెండూ తెలియకుండా తినేవాడు తనకేది పథ్యమో ఎలా నిర్ణయించుకోగలడు?

జన్యుమార్పిడి ఆహారం గల పొట్లాలపై జి.ఎం. అని ముద్రించవలెనని 2013 జనవరి 1 నుండి నిబంధన అమలులోకి వచ్చింది. మీ వంటింట్లోని నూనె పాకెట్టును, మిక్చరు పొట్లాన్ని ఒకసారి తిప్పి చూడండి. ఇక బజ్జీల బండికి పొట్లమే లేదు.

వేరుశనగ, నువ్వులలో జన్యుమార్పిడి రకాలకు మనదేశంలో అనుమతి లేదు. సొంత గింజలను గానుగ ఆడించుకోగలవారికి ఇబ్బంది లేదు. క్రాసింగ్ పనికి పోయి వచ్చే కూలీ తల్లి కొనేది మాత్రం చౌక పాకెట్టే. ఆ రెండక్షరాలు దానిపై తెలుగులో, ఆమె చదువుకోగలిగినంత పెద్దవిగా ఉండవలెను.