పరుపు వెంట లాక్కెళ్తూ నిద్ర మానుకునే సఫర్

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే డాలస్ చుట్టుపక్కల మన వాళ్ళ ఇళ్ళల్లో ఒకటే మాట. "జుమ్మా రోజు డ్యూటీ దిగంగానే బయల్దేరతాం భాయ్. రాత్రంతా నడిపేస్తే పొద్దునకల్లా కొలరాడో కొండల దగ్గర ఉంటాం." వట్టి కారుకే ఈ మాట నాకు రుచించదు. ఇప్పుడు కొందరు పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ తగిలించుకుని కూడా అదే అంటున్నారు. పైగా రోడ్డు ఖాళీగా ఉంటుందని, బచ్చాలు పడుకుంటారని, టైర్లు వేడెక్కవని ఫాయిదాలు లెక్కపెడుతున్నారు. నా రాయ్ ఒకటే. క్యాంపర్ లాగే మనిషి అర్ధరాత్రి నుంచి ఫజర్ దాకా స్టీరింగ్ ముందు ఉండకూడదు. పడుకోవాలి.

నేను క్యాంపర్‌కి ముఖాలిఫ్‌ని కాదు. మన ఖాందాన్‌లకి ఇంత పనికొచ్చే బండి ఇంకోటి లేదనే అంటాను. గ్యాస్ స్టేషన్ సింకులో కాలు పెట్టి వుజూ చేస్తుంటే పక్కవాడు చూసే చూపు ఉండదు. లోటా మన లోటా. అమ్మీకి మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ వేసుకుని ఇత్మినాన్‌గా నమాజ్ చదువుకుంటుంది. మస్తూరాత్‌కి పర్దా. హలాల్ హోటల్ కోసం ఫోన్‌లో వెతుక్కునే పని లేదు, ఫ్రిజ్‌లో ఖీమా ఉంది, పొయ్యి ఉంది, దస్తర్‌ఖాన్ పరిస్తే అదే ఇల్లు. ఆ ఇంట్లో పడకలు కూడా ఉన్నాయి. నా సవాల్ అక్కడే. వేల డాలర్లు పోసి కొన్న పడకల్ని వెనక కట్టుకుని, కళ్ళు నులుముకుంటూ రాత్రంతా నడపడం ఏం అకల్?

ఈ రాత్రి సఫర్ ఆదత్ మనకి ఊళ్ళ నుంచి వచ్చింది. కసుమూరు దర్గాకో, గుల్బర్గాలో బందే నవాజ్ ఉరుసుకో పోవాలంటే ఇషా తర్వాత సుమో ఎక్కేవాళ్ళం. నానీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే, కళ్ళు తెరిచేసరికి దర్గా కమాను. ఎంత సుకూన్! ఆ సుకూన్‌కి కీమత్ కట్టింది మాత్రం కిరాయి డ్రైవర్. మనం జియారత్ చేసుకుంటుంటే అతను సీటు వాల్చుకుని రెండు గంటలు కునుకు తీసి, మళ్ళీ మనల్నే వెనక్కి తెచ్చేవాడు. అతని నీంద్ లెక్క మన ఇళ్ళల్లో ఎవరూ రాయలేదు. ఆ అలవాటే సముద్రం దాటి వచ్చింది. ఫరక్ ఒక్కటే, ఇక్కడ ఆ డ్రైవర్ సీట్లో ఇంటి అబ్బా కూర్చున్నాడు. (ఊళ్ళో ఇప్పటికీ కిరాయి బండ్లలో రాత్రిళ్ళు పోయే వాళ్ళు కూడా ఎక్కేముందు ఒక మాట అడగండి: "బేటా, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?")

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. డాలస్ నుంచి డెన్వర్‌కి దాదాపు 800 మైళ్ళు. 287 రోడ్డు మీద విచిటా ఫాల్స్, చిల్డ్రెస్, అమరిల్లో, తర్వాత న్యూ మెక్సికోలో రాటన్, అక్కణ్ణుంచి 25వ నంబరు హైవే. కారైతే 12, 13 గంటలు. క్యాంపర్ ఉంటే కాదు. చాలా ట్రెయిలర్ టైర్లకి గంటకి 65 మైళ్ళే హద్దు. పెట్రోలు ఇంచుమించు రెట్టింపు తాగుతుంది, బంకులు రెట్టింపు. 16 గంటలకి తక్కువ అనుకోవద్దు. జుమ్మా రోజు పొద్దున 5కి ఫజర్ కోసం లేచిన మనిషి, మళ్ళీ కన్ను మూయకుండా ఆఫీసు చేసి, సాయంత్రం 6కి బయల్దేరాడు అనుకోండి. జూన్‌లో ఇక్కడ ఇషా రాత్రి 10 ప్రాంతంలో. అప్పటికే అతను లేచి 17 గంటలు. మర్నాడు ఫజర్‌కి 24 గంటలు. అప్పటికి బండి ఎక్కడుంటుంది? రాటన్ దరిదాపుల్లో. ముందు 7,800 అడుగుల ఎత్తు కనుమ ఎక్కి దిగాలి, వెనక మూడు టన్నుల ఇల్లు.

17 గంటలు మేలుకున్న మనిషి నడిపే తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి తీరుతో సమానం అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. 24 గంటలకి అది 0.10. ఈ దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08 దాటితే తాగి నడిపినట్టే లెక్క. మన ఇళ్ళల్లో షరాబ్ సీసా గడప దాటదు. దగ్గు మందు కొంటే కూడా అందులో ఆల్కహాల్ ఉందేమో అని చిన్న అక్షరాలు చదువుతాం. అదే మనం, నషాలో ఉన్నవాడంత మొద్దుబారిన దిమాగ్‌తో బీవీ బచ్చాలని ఎక్కించుకుని కొండ ఎక్కుతున్నాం. పోలీసు నోట్లో గొట్టం పెట్టి ఊదమంటే సున్నా వస్తుంది. అదొక్కటే తేడా.

క్యాంపర్‌తో నిద్రమత్తు ఇంకా ఎందుకు ఖతర్నాక్ అంటే, ట్రెయిలర్ వెంటనే మాఫ్ చేయదు. అమరిల్లో వైపు మైదానంలో పక్క నుంచి గాలి కొడుతుంది. పెద్ద లారీ దాటుకుపోతుంటే క్యాంపర్ ఊగుతుంది. అప్పుడు చేయాల్సింది యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేకుని మాత్రం చేత్తో మెల్లగా నొక్కడం. తూలుతూ ఉలిక్కిపడి లేచినవాడు చేసేది సరిగ్గా దీనికి ఉల్టా: స్టీరింగ్ గుంజుతాడు, కాలితో బ్రేకు తొక్కుతాడు. దీనికి తోడు మన సామాను. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. మనమేమో బియ్యం సంచి, నీళ్ళ కేసులు, దేగ్‌చాలు అన్నీ వెనక తలుపు దగ్గర పడేస్తాం. హిచ్ మీద బరువు తగ్గినకొద్దీ ఊపు పెరుగుతుంది. ఒంటెను కట్టేసి తర్వాత తవక్కుల్ చేయమన్న మాట అందరికీ తెలుసు. ఇక్కడ కట్టేయడం అంటే హిచ్ పిన్ను, అడ్డంగా తగిలించిన రెండు గొలుసులు, ముందుకి సర్దిన బియ్యం సంచి.

ఇంకో మాట కొంచెం కరకుగానే చెప్తాను. "బచ్చాలు వెనక క్యాంపర్‌లో పరుపు మీద హాయిగా పడుకుంటారు" అనే వాళ్ళున్నారు. నవూజుబిల్లాహ్. లాగుతున్న ట్రెయిలర్‌లో మనుషులు ఉండటం చాలా రాష్ట్రాల్లో జుర్మ్. టెక్సాస్‌లోనూ అంతే. అందులో సీటు బెల్టు లేదు, గోడలు పల్చటి రేకు. పిల్లల జాగా ట్రక్కులో, బెల్టులో.

దీన్ వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. ఖైబర్ నుంచి తిరిగొస్తూ ఖాఫిలా రాత్రంతా నడిచి అలిసిపోయింది. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆపించారు. ఫజర్ పోతుందేమో అన్న ఫికర్ ఉన్నా నడక సాగించలేదు, పడుకోనిచ్చారు. లేపే జిమ్మేదారీ హజ్రత్ బిలాల్ రజి అల్లాహు అన్హుకి ఇచ్చారు. ఆయన తెల్లవారే దిక్కుకి తిరిగి ఒంటెకి ఆనుకుని కూర్చున్నారు. కళ్ళు మూతపడ్డాయి. ఎండ తగిలాక గానీ ఎవరికీ మెలకువ రాలేదు. నమాజ్ కోసం కాపలా కూర్చున్న బిలాల్‌నే నిద్ర గెలిస్తే, ఎనర్జీ డ్రింకు డబ్బా నమ్ముకున్న మనం ఎంత? నమాజ్‌లో కునుకు వస్తుంటే వెళ్ళి పడుకోమని, ఏం చదువుతున్నామో మనకే తెలియని హాలత్‌లో నిలబడొద్దని కూడా సహీ హదీస్ ఉంది. ముసల్లా మీద లేని ఇజాజత్ స్టీరింగ్ ముందు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఒక పెద్దాయన నాతో బహస్ పెట్టుకున్నారు. రాత్రి ప్రయాణంలో దూరం చుట్టుకుపోతుందని అబూ దావూద్‌లో హదీస్ ఉంది కదా అని. ఉంది. ఒప్పుకుంటాను. కానీ ఆ హదీస్‌లోని 'దుల్జా' అన్న మాటని రాత్రి చివరి భాగంలో నడవడం అని కూడా వివరించారు. పైగా ఆ ఎడారి మనుషులకి పగటి ఖైలూలా ఉంది. పగలు పడుకుని రాత్రి నడిచారు. మనం పగలు ఆఫీసు చేసి రాత్రి నడుపుతాం. వాళ్ళ రాత్రి తీసుకుని వాళ్ళ మధ్యాహ్నం వదిలేస్తే అమల్ సగమే.

అసలు ఉజ్ర్ ఛుట్టీ గురించి. "రాత్రి ఆగితే ఒక రోజు పోతుంది." పోదు. అదే సాయంత్రం 6కి బయల్దేరండి. మగ్రిబ్ 8:40 ప్రాంతంలో, విచిటా ఫాల్స్ దగ్గరికొస్తారు. నమాజ్, ఖానా. 11కల్లా చిల్డ్రెస్. ఇషా రెండు రకాత్ ఖసర్, విత్ర్, పడక. ఫజర్ చదివి కదిలితే, మధ్యలో జొహర్‌కీ అసర్‌కీ ఆగినా, శనివారం వెలుతురు ఉండగానే చేరతారు. రాత్రంతా నడిపినవాడు శనివారం 11కి చేరి ఏం చేస్తాడు? ట్రెయిలర్ ఎట్లాగో వెనక్కి నెట్టి, మగ్రిబ్ దాకా గుర్రు పెడతాడు. బచ్చాలు "ష్, అబ్బా పడుకున్నారు" అని గుసగుసలాడుకుంటూ కొండల్ని కిటికీలోంచి చూస్తారు. ఆ రోజు ఎవరికి మిగిలినట్టు?

మనం హనఫీలం, నమాజ్‌లు కలిపి చదవం కాబట్టి ప్రతి వక్త్‌కీ బండి ఆగాల్సిందే. దీన్ని బోఝ్ అనుకునే వాళ్ళున్నారు గానీ, లారీ డ్రైవర్లని 11 గంటలకి మించి నడపనివ్వకుండా, మళ్ళీ ఎక్కేముందు 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలని ఈ దేశంలో కానూన్ పెట్టారు. వాళ్ళకి కానూన్ చేసే పని మనకి అజాన్ యాప్ చేస్తుంది.

ఎక్కడ ఆగాలి అనేది బయల్దేరే ముందే తయ్ చేసుకోవాలి. నిద్రమత్తులో వెతికితే దొరికేది హైవే పక్క మట్టి జాగానే. రాత్రి బస దారి మీద వద్దని, అది జంతువులు తిరిగే చోటని హదీస్‌లో ఉంది. ఇక్కడ ఆ జంతువు 18 చక్రాలది. చిన్న ఊళ్ళల్లో ఆర్వీ పార్కులు ఉంటాయి, ముందు ఫోన్ చేసి జాగా పట్టుకోవచ్చు. టెక్సాస్ రెస్ట్ ఏరియాల్లో 24 గంటల లోపు ఆగొచ్చు. కొన్ని వాల్‌మార్ట్‌లు పార్కింగ్‌లో రాత్రి ఉండనిస్తాయి, లోపలికెళ్ళి మేనేజర్ని అడగాలి. పడుకున్నాక జనరేటర్ నడపొద్దు. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. డిటెక్టర్‌లో బ్యాటరీ ఇంట్లోనే చూసుకోవాలి.

ఇక బేగంల సంగతి. "నాకు నీంద్ వస్తే ఆమె తీసుకుంటుంది" అంటారు మన మర్దులు. ఆ పొద్దున ఫజర్‌కి అతనితో పాటే లేచి, పరాఠాలు కాల్చి, ఆరుగురి బట్టలు సర్ది, అత్తగారి మందులు ఎంచి, అందరికంటే చివర ఎక్కిన మనిషి ఆమె. ఆమె కూడా 17 గంటల మనిషే. పైగా క్యాంపర్‌తో ఒక్కసారి కూడా స్టీరింగ్ ఆమె చేతికి ఇచ్చి ఉండరు. నిజంగా ఆమెని రెండో డ్రైవర్ అనుకుంటే సామాను సర్దే పని మీరు తీసుకుని మధ్యాహ్నం ఆమెని పడుకోనివ్వండి. సఫర్‌కి నెల ముందు నేర్పండి. వీకెండ్ స్కూల్ లేని రోజు మసీదు పార్కింగ్ ఖాళీగానే ఉంటుంది, కమిటీని అడిగితే కాదనరు. నాలుగు డబ్బాలు పెట్టి మలుపులు తిప్పించండి. వెనక్కి పోవడం దగ్గరే అందరూ తికమకపడతారు. దానికి ఒక ఆసాన్ తరీఖా ఉంది. చెయ్యి స్టీరింగ్ కింది అంచు మీద పెట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రెయిలర్ తోక అటే జరుగుతుంది. పక్కన నిలబడి అరవకుండా చెప్పండి.