పిల్లుల తగువు, కోతి తీర్పు

"ఒరేయ్, రెండిట్లో ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు."

మూడ్రోజులుగా మా అమ్మది ఇదే పాట. ఆవిణ్ణి తప్పుపట్టలేను. చేతికి కట్టు కట్టుకుని కీబోర్డు మీద ఒంటిచేత్తో కొట్టుకుంటున్న కొడుకుని చూస్తే ఏ తల్లికైనా అలాగే అనిపిస్తుంది.

జరిగిందేంటంటే, మా ఇంట్లో చుక్కి, మల్లి అని రెండు పిల్లులు. అక్కచెల్లెళ్ళు. రెండేళ్ళుగా ఒకే దిండు మీద పడి నిద్రపోయినవి. మల్లి కాలికి పుండు పడితే ఆస్పత్రికి తీసుకెళ్ళి, మత్తిచ్చి శుభ్రం చేయించి సాయంత్రం ఇంటికి తెచ్చాం. బుట్ట తలుపు తీశానో లేదో, చుక్కి బొచ్చు నిక్కబొడుచుకుని, బుసకొట్టి దాని మీద పడింది. నేను వీరుడిలా మధ్యలో చెయ్యి పెట్టాను. ఎవరు కరిచారో ఇప్పటికీ తెలీదు. ఆ కోపంలో చుక్కిని నాలుగు తిట్టి బాత్రూంలో పెట్టి గడియ వేశాను.

రెండు పిల్లులు రొట్టె కోసం కొట్లాడుకుంటే కోతి తీర్పు చెప్పిన కథ మనందరికీ తెలిసిందే కదా. ఆ కోతిని నేనే. అది కనీసం రొట్టె తినడానికైనా తెలివిగా చేసింది, నాది వట్టి తెలివితక్కువతనం.

పిల్లి తనవాళ్ళని ముఖ్యంగా గుర్తుపట్టేది వాసనతో. ఒకదానికొకటి ఒళ్ళు రాసుకుని, నాక్కుని ఇంటికంతా ఒక ఉమ్మడి వాసన తయారుచేసుకుంటాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన మల్లి ఒంటి మీద మందుల వాసన, వేరే కుక్కల వాసన, భయపడ్డ వాసన. చుక్కి దృష్టిలో వచ్చింది చెల్లెలు కాదు, చెల్లెలి మొహం తగిలించుకున్న పరాయి పిల్లి. పైగా దాన్నే తిట్టి శిక్షించాను. అంటే మల్లి కనిపిస్తే తన్నులే అని నేనే దానికి నేర్పించానన్నమాట!

బాల్కనీ జాలీ అవతల వీధిపిల్లి కనిపించినా ఇలాంటిదే జరుగుతుంది. అవతలిదాన్ని అందుకోలేక ఆ కసి పక్కనున్న దాని మీద తీర్చుకుంటుంది. ఆ ఉద్రేకం గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి దిగదు. మనకేమో దిక్కుమాలిన పిల్లి, కారణం లేకుండా కరిచింది అనిపిస్తుంది. లాగ్ చూడకుండా కోడ్‌ని తిట్టినట్టు.

ఇలాంటప్పుడు "వదిలెయ్యండి, అవే కొట్టుకుని అవే సర్దుకుంటాయి" అనే సలహా ప్రతీ అపార్ట్‌మెంట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. నేనీ మాట అస్సలు ఒప్పుకోను. పిల్లులు కొట్టుకుని రాజీకి రావు. ప్రతి గొడవతోనూ భయం ఇంకాస్త ముదురుతుంది. అరవడం, నీళ్ళు కొట్టడం కూడా అంతే. మధ్యలో దిండో, అట్టముక్కో అడ్డం పెట్టి వేర్వేరు గదుల్లోకి పంపాలి. చెయ్యి మాత్రం పెట్టకండి. పిల్లి పంటి గాటు పైకి చిన్నగా కనిపించినా లోతుగా దిగి చీము పడుతుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రేబిస్ సంగతి కూడా ఆయన్ని అడగాలి, పెంపుడుదే కదా అని ఊరుకోకూడదు.

తర్వాత పనంతా ఓపికది. మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. దీని పక్కగుడ్డ దానికి, దానిది దీనికి. కొన్నాళ్ళకి తలుపు రెండంగుళాలు. బుస వినిపిస్తే మళ్ళీ మూసెయ్యడమే. సాయంత్రం అయిదింటికి రిలీజ్ పెట్టుకున్న మేనేజర్‌లా తొందరపడితే రోల్‌బ్యాక్ తప్పదు. ఆ బుసని తిట్టకూడదు కూడా. అది హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే తర్వాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

ఇదంతా చేస్తుండగా ఇంకోటి బయటపడింది. చుక్కి ఎప్పటినుంచో బాత్రూం గుమ్మంలో దర్జాగా పడుకునేది. ముద్దుగా ఉందని ఫోటోలు కూడా తీసుకున్నాం. నిజానికి అది మల్లిని లిట్టర్ ట్రే దగ్గరికి పోనివ్వట్లేదు. ట్రేలు రెండున్నా పక్కపక్కనే పెట్టాం, దారి ఒక్కటే, కాబట్టి పిల్లి లెక్కలో అవి ఒకటే. అమెరికా పిల్లి వైద్యుల సంఘం ఏఏఎఫ్‌పీ 2024లో ఇంట్లో పిల్లుల మధ్య పొసగకపోవడం మీదే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. గుడ్లురిమి చూడడం, దారికి అడ్డంగా కూర్చోవడం లాంటి చప్పుడు లేని గొడవల్నే మనం గమనించమని అందులో ఉంది. చదివాక ఆ ఫోటోలు చూడబుద్ధి కాలేదు. ఆస్పత్రి వాసన ఒక సాకు, అగ్గి అంతకుముందే రాజుకుంది. ఒక ఇల్లు, ఒక దారి, ఒక కిటికీ ఇచ్చి "కలిసుండండి" అంటే ఎలా ఉంటాయి?

తిండి గిన్నెలు వేర్వేరు చోట్లకి మార్చాం. అలమర పైన ఒకటి, ఫ్రిజ్ పక్కన స్టూలు మీద ఒకటి, ఎక్కి కూర్చోడానికి చోట్లు చేశాం. పిల్లుల కంటే ఒకటి ఎక్కువ ట్రే ఉండాలంటారు కాబట్టి మూడోది కొన్నాం.

ఇప్పటికి అయిదు వారాలు. రెండూ ఒకే గదిలో ఉంటున్నాయి, ఒకే దిండు మీద మాత్రం ఇంకా లేదు. ఇచ్చెయ్యమనడం అమ్మ మానేసింది. మూడో ట్రే పూజ అలమర పక్క గోడకి పెట్టానని మాత్రం రోజూ పొద్దున్నే సుప్రభాతం అందుకుంటోంది.