శాపం వాళ్లది, వజ్రాలు వీళ్లవి

గత సంచికలో బొమ్మల కథల మీద వ్యాసం వేశామని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. సాహిత్య పత్రికకు పిల్లల బొమ్మలతో పనేమిటట! పదేళ్ల వయసులో చదివింది అరవైలోనూ వదలదు కాబట్టి పని ఉంది.

పురాతన శాపాల కథలనే చూడండి. సరంజామా అందరికీ తెలిసిందే: సమాధి తెరుస్తారు, మమ్మీ వంటిమీది నగలు తీస్తారు, ఒక్కొక్కరే కూలిపోతుంటారు. 1922లో ఈజిప్టులో తుతన్‌ఖామున్ సమాధి బయటపడ్డాక, మరుసటి ఏప్రిల్‌లో తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ దోమకాటు పుండు విషమించి కైరోలో చనిపోయాడు. పత్రికలకు పండగైంది. సమాధిని కనిపెట్టిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు. ఆ ముక్క కథలకు పనికిరాలేదు.

బెల్జియం చిత్రకారుడు హెర్జే గీసిన టిన్‌టిన్ బొమ్మల కథల్లో 'సెవెన్ క్రిస్టల్ బాల్స్' 1948లో, దాని రెండో భాగం 'ప్రిజనర్స్ ఆఫ్ ది సన్' 1949లో పుస్తకాలుగా వచ్చాయి. ఇన్కా మమ్మీని తెచ్చిన బృందంలో ఏడుగురు శాపం తగిలి మత్తులో పడతారు. పెరూలో ఇన్కాలకు పట్టుబడ్డ టిన్‌టిన్‌ను చావు ముహూర్తం నువ్వే పెట్టుకోమంటారు. పాత పేపరు ముక్కలో చదివిన గ్రహణం వేళ పెట్టుకుంటాడు. చితి మీద నిలబడి సూర్యుణ్ణి శాసించినట్టు నటిస్తే, సూర్యుణ్ణే కొలిచే జనం హడలిపోతారు!

పంచాంగంలో పట్టు విడుపులు చూసుకునే మన అవ్వలకు చెబితే నవ్విపోతారు. ఇన్కాల రాజధాని కుస్కో చుట్టూ రాతి స్తంభాలు నిలిపి, పొద్దు ఎక్కడ పొడుస్తుందో చూసి విత్తనం వేళలు పెట్టుకున్నవాళ్లు, నడినెత్తిన సూర్యుడు మసకబారితే పసిపిల్లల్లా ఏడ్చారట. ఇంగ్లీషు రచయిత రైడర్ హగ్గర్డ్ 1885లోనే 'కింగ్ సాలమన్స్ మైన్స్' నవలలో ఈ గారడీ చేయించాడు. ఆఫ్రికా కానీ, పెరూ కానీ, తెల్లదొర జేబులో ఒక గ్రహణం సిద్ధం. దీన్ని చమత్కారం అనుకోవడానికి మేం సిద్ధంగా లేము. ఇది పొగరు.

అంతకన్నా పెద్ద మోసం ముగింపులో ఉంది. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం తీరాలంటే ఉంగరం చేరవలసిన కంటికి చేరాలి. ఇక్కడ మమ్మీ సొత్తు తిరిగిచ్చే ఊసే లేదు. మీ నాగరికత వైభవాన్ని లోకానికి చాటడానికే ఆ బృందం వచ్చిందని టిన్‌టిన్ చెబుతాడు, ఇన్కా రాజు కరిగిపోతాడు, శాపం ఎత్తేస్తాడు, పైపెచ్చు లామాల మీద రత్నాల సంచులు కట్టించి సాగనంపుతాడు. సొమ్ము పోగొట్టుకున్నవాడే సారె పెట్టి పంపాడన్నమాట!

హెర్జే గీత గొప్పది, ఆ కాలమే అలాంటిది అంటారు. గీత గొప్పదే.

పుస్తకం బయట కథ వేరు. అమెరికన్ అన్వేషకుడు హైరమ్ బింగ్‌హామ్ 1911లో ఇన్కాల మచు పిచు చేరాక, తవ్వకాల్లో దొరికిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయానికి తరలాయి. అవి పెరూకు తిరిగి రావడం 2011లో గానీ మొదలు కాలేదు. అందుకు పెరూ 2008లో అమెరికా కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది.