పెండ్లిపందిరి – పైచదువు

1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము హనుమకొండలో వెలసిననాడు మన బిడ్డలకు పైచదువు అందనిపండు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును ఇచట నెలకొన్నవి. విద్య వాకిటికి వచ్చినది. రుసుమునకు తండ్రిచేత సొమ్ము లేదు. ప్రభుత్వము రుసుముల బకాయిలు పెట్టుట తప్పే. దానిని మేము సమర్థింపము. కాని ఓణీల వేడుకకు లక్షలు వెచ్చించిన గృహస్థు, గడువునాడు పట్టాపుస్తకము కుదువబెట్టినచో నేరము ప్రభుత్వమొక్కదానిదేనా? 2015లో ఏర్పడిన సుకన్య సమృద్ధి ఖాతాను పదేండ్లలోపు బాలికపేర తపాలాకచేరిలో తెరచి, ఏటికి 250 రూపాయలతోనైనను నడుపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన పిదప చదువునకై నిలువలో సగము తీసికొనవచ్చును. ఆ సొమ్మునుగూడ కట్నమునకే దాచి, ఆడుబిడ్డకు ఇంతచదువు చాలుననువారిని మేమెరుగుదుము. అట్టి యిండ్లలోనే కొడుకు చదువునకు పొలము అమ్ముడుపోవుచున్నది.