జ కింద చుక్క పెట్టండి
(పంజాబీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే తెలుగు ఉపాధ్యాయులకు, వాళ్లకు శిక్షణ ఇచ్చే పెద్దలకు విన్నపం)



జలంధర్, లూధియానా, మొహాలీ బజార్లలో అడుగడుగునా ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష కోచింగ్ బోర్డులే. కెనడా ఆశతో పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టే కుటుంబాలున్నాయి. ఆ పరీక్షలో మాట్లాడే భాగానికి వేసే మార్కుల్లో పావు వంతు ఉచ్చారణదే. కానీ క్లాసులో జరిగేదేమిటి? తప్పు పలికిన పిల్లను నిలబెట్టి పదిసార్లు అనిపిస్తారు. పక్కవాళ్లు నవ్వుతారు. ఆ పిల్ల మరి నోరు తెరవదు.

లూధియానాలో పనిచేసిన మొదటి ఏడాది నేనూ అదే చేశాను. ఒకమ్మాయి 'జీరో'ను మన 'జీతం'లోని జీతో పలికేది. ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఒకరోజు ఆమె పంజాబీ నోటుబుక్కు చూశాను. 'బజార్' అన్న మాటలో జ అక్షరం కింద చిన్న చుక్క ఉంది. దాన్ని వాళ్లు 'పైరీ బిందీ' అంటారు, అంటే కాలి దగ్గరి బొట్టు. శ, 'జీరో'లోని జ, 'ఫ్యాన్'లోని ఫ లాంటి పరాయి ధ్వనుల కోసం పంజాబీ లిపి గురుముఖిలో ఆ చుక్క ఎప్పటినుంచో ఉంది. రాతలో ఉన్నా చాలామంది నోట అది పలకదు, అంతే. "స్‌స్‌స్ అని సాగదీస్తూనే గొంతు కలుపమ్మా, తుమ్మెదలా" అన్నాను. గొంతు మీద వేలు పెట్టుకుని అదురు చూసుకుంది. పది నిమిషాల్లో వచ్చేసింది. అన్నాళ్లూ నేను ఆమె దగ్గర లేనిదాని కోసం వెతికాను, ఉన్నదాన్ని చూడలేదు.

'స్కూల్'ను వాళ్లు 'సకూల్' అంటారు. మన పల్లెల్లో 'ఇస్కూలు' అంటాం. జంట హల్లును సులువుగా పలకడానికి వాళ్లు మధ్యలో అచ్చు పెట్టారు, మనం ముందు పెట్టాం. నవ్వే హక్కు మనకెక్కడిది? 'వెస్ట్' అంటే పడమరా, బనీనా అన్న తికమక వాళ్లకెంతో మనకూ అంతే, రెండు లిపుల్లోనూ 'వ' ఒక్కటే. పై పళ్లు కింది పెదవిని తాకితే బనీను, పెదవులు సున్నాలా చుడితే పడమర. అద్దం ముందు ఒక పూట పని.

ఇంకో సంగతి. పంజాబీలో 'ఘర్' మన చెవికి 'కర్'లా వినబడుతుంది. పిల్లలకు ఘ రాదనుకోకండి. ఆ ఒత్తు అక్కడ స్వరస్థాయిగా మారింది, మాటను కిందిస్థాయిలో ఎత్తుకుంటారు. అదే పిల్లలు ప, ఒత్తు ఫ తేడాను మనకన్నా స్పష్టంగా పలుకుతారు. ఇంగ్లీషులో 'పెన్' మొదట రావలసిన గాలి వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది. అడిగి తీసుకోవడమే మన పని.

అన్నీ దిద్దనక్కర్లేదు. 'థింక్'లో వాళ్లు పలికే థ ఎవరికైనా అర్థమవుతుంది, వదిలేయండి. మన హైదరాబాద్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, అంటే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం, 1969లో ప్రచురించిన ఆర్.కె. బన్సల్ పరిశోధన మాటలోనూ వాక్యంలోనూ ఊనిక తప్పడాన్ని అర్థం చెడే ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపింది. సమయం అక్కడ పెట్టండి.

కాబట్టి అడుగుతున్నాను. పంజాబీ పిల్లలకు చెప్పబోయే ప్రతి ఉపాధ్యాయుడికీ శిక్షణలోనే గురుముఖి 35 అక్షరాలు నేర్పాలి, వారం చాలు. పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు ధ్వని పక్కన గురుముఖి అక్షరం అచ్చువేయాలి. నిలబెట్టి అనిపించడం ఆపాలి, దిద్దాల్సింది పిల్లల పక్కన కూర్చుని దిద్దాలి.

ఉత్తర్వులు వచ్చేదాకా ఆగకండి. రేపటి క్లాసులో బోర్డు మీద మొదట గురుముఖి జ రాసి, దాని కింద చుక్క పెట్టి, చదవమని పిల్లలనే అడగండి.